పాత అంబాసిడర్‌లో కొత్త ఇంజిన్: చెయిన్ బ్లాక్ వేసే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఒడిశాలోని జయపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్న అంబాసిడర్ ఉంది. 1991లో కొన్న నోవా మోడల్, డీజిల్ బండి, ఓఆర్-10 (కొరాపుట్ జిల్లా) నంబరు. అప్పటికి రాయగడ, నబరంగపూర్, మల్కన్‌గిరి ఇంకా విడిపోలేదు, అంతా కొరాపుట్ జిల్లాయే. నాన్న చాలా ఏళ్లు దాన్ని టాక్సీగా తిప్పి, తర్వాత సొంత బండిగా రాయించుకున్నాడు. ఆస్పత్రికి వెళ్లేవాళ్లు, పెళ్లివాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, ఎవరిని ఎక్కించుకున్నా దారి ఒకటే. కొరాపుట్, పొట్టంగి దాటి, సుంకి ఘాటీ దిగి సాలూరు, అక్కణ్నుంచి విజయనగరమో విశాఖో. దిగేటప్పుడు బ్రేకు టెన్షన్, తిరిగి ఎక్కేటప్పుడు రేడియేటర్ టెన్షన్. ఘాటీ మధ్యలో బండి ఆపి, బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా రోడ్డు పక్క రాళ్ల మీద కూర్చోవడం నా చిన్నతనంలో ప్రతి ప్రయాణంలోనూ ఉండేది. డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండా నాన్న ఇల్లు కదిలేవాడు కాదు.

నాన్న పోయాక ఆ కారును మళ్లీ రోడ్డెక్కించాలని అనుకున్నాను. అడిగినవాళ్లంతా ఒకే సలహా ఇచ్చారు. "ఆ పాత ఇంజిన్ ఎందుకు? స్కార్పియోదో స్విఫ్ట్‌దో పెట్టించెయ్, గేర్‌బాక్స్‌తో సహా. రెండు రోజుల పని." ఈ సలహా వెంట రెండేళ్లు తిరిగాను. సాలూరు లారీల ఊరు, అక్కడి షెడ్లలో ఇనుముతో చేయలేని పని ఉండదు. అక్కడి మెకానిక్‌లతో మాట్లాడాను, తుక్కు షెడ్లలో ఇంజిన్లను టేపుతో కొలిచాను, రవాణా చట్టం చదివాను. చెయిన్ బ్లాక్‌తో, అంటే బరువులెత్తే గొలుసు కప్పీతో, ఇంజిన్‌ను బానెట్ కింద కూర్చోబెట్టడం నిజంగానే రెండు మూడు రోజుల పని. కానీ కొత్త ఇంజిన్ వచ్చిన క్షణం నుంచి గేర్‌బాక్స్, జాయింట్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి శక్తిని తీసుకెళ్లే పొడవాటి కడ్డీ), వెనక హౌసింగ్ (వెనక చక్రాలను తిప్పే గేర్లు, యాక్సిల్ ఉండే పెట్టె), బ్రేకులు, రేడియేటర్, వైరింగ్, ఆర్‌సీ (రిజిస్ట్రేషన్) కాగితం, అన్నిటి లెక్కా మారుతుంది. ఆ మార్పు ఎంత దూరం పాకుతుందో ముందే చూసుకుని, ఎక్కడ ఆపగలమో అక్కడ ఆగే ఇంజిన్‌ను ఎంచుకోవాలి. నాకు అర్థమైంది ఇదే. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఘాటీకి ఎంత శక్తి కావాలి

నాన్న బండిలో ఉన్నది 1489 సీసీ డీజిల్ ఇంజిన్. బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ బి-సిరీస్ అని పిలిచిన ఇంజిన్ల కుటుంబంలోది. దాని శక్తి సుమారు 37 హార్స్ పవర్. కారు బాడీ కూడా బ్రిటన్ నుంచి వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌దే. హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో దాన్ని 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014 మే నెల దాకా పెద్దగా మార్చకుండా తయారు చేసింది.

కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1,500 కిలోలు అనుకుందాం. 100 మీటర్లు ముందుకు పోతే 6 మీటర్లు పైకి లేచే రోడ్డు అనుకుందాం. అలాంటి చోట గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 18 హార్స్ పవర్ కావాలి. 60తో ఎక్కాలంటే దాదాపు 28. ఇప్పుడు ఇంజిన్ వైపు నుంచి చూద్దాం. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు తన శక్తిలో సుమారు పదో వంతు పోగొట్టుకుంటుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. కొరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. గేర్‌బాక్స్, జాయింట్, హౌసింగ్ కలిసి ఇంకో పదో వంతు తింటాయి. 37లో చక్రాల దాకా చేరేది 30. అది కూడా ఇంజిన్ కొత్తదై, ఫుల్ రేస్‌లో తిరుగుతున్నప్పుడు. ముప్పై ఏళ్లు తిరిగిన ఇంజిన్‌లో అంత కూడా మిగలదు. అందుకే నాన్న మూడో గేరులో మొదలుపెట్టి రెండో గేరుకు వచ్చేవాడు, వెనకాల లారీలు హారన్ కొట్టేవి.

ఈ లెక్క వేశాక నాకు ఒక విషయం తేలింది. మా దారికి 120 హార్స్ పవర్ అవసరం లేదు. 50 ఉంటే చక్రాల దగ్గర 40 మిగులుతుంది, 60 కిలోమీటర్ల వేగానికి చాలినంత. 75 ఉంటే ఇంకా సుఖం. అంతకు మించి పెట్టిన ప్రతి హార్స్ పవర్‌కూ మిగతా కారు ఎక్కడో ఒక చోట బదులు చెల్లించాలి.

ఏది సరిపోతుంది, ఏది సరిపోదు

తుక్కు షెడ్లలో మంచి కండిషన్‌లో దొరికే ఇంజిన్లలో ఎక్కువ భాగం స్విఫ్ట్, ఇండికా, ఐ20 లాంటి కార్లవి. వీటిలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ దాని పక్కనే ఉంటుంది, తిప్పేది ముందు చక్రాలను. అంబాసిడర్‌లో ఇంజిన్ పొడుగ్గా, ముందు నుంచి వెనక్కి ఉంటుంది. దాని వెనక గేర్‌బాక్స్, దాని వెనక జాయింట్ షాఫ్టు, చివర హౌసింగ్. అడ్డంగా ఉండే ఇంజిన్‌ను పొడుగ్గా తిప్పి పెట్టినా, దాని వెనక తగిలించడానికి తగిన గేర్‌బాక్స్ ఆ కంపెనీలో ఉండకపోవచ్చు. స్విఫ్ట్ ఇంజిన్ మాట నేను అక్కడితో వదిలేశాను.

మిగిలేవి వెనక చక్రాలను తిప్పే బండ్లవి. బొలెరో, స్కార్పియో, సుమో, క్వాలిస్, టవేరా, జిప్సీ, ఈకో. జిప్సీ ఇంజిన్ 1298 సీసీ పెట్రోల్, అల్యూమినియం బ్లాకు, తేలిక, ఇంజెక్షన్ మోడల్‌లో సుమారు 80 హార్స్ పవర్. వింటే బాగుంటుంది. కానీ ఆ శక్తి అంతా చాలా ఎక్కువ చక్కర్ల (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్ల) దగ్గరే వస్తుంది. తక్కువ చక్కర్లలో బరువు లాగే గుణం దానికి తక్కువ, మా అంబాసిడర్ మాత్రం బరువైన బండి. ఘాటీలో కాగితం మీది హార్స్ పవర్ కన్నా 1,500, 2,000 చక్కర్ల దగ్గర ఎంత గట్టిగా లాగుతుందన్నదే డ్రైవర్ కాలికి తెలుస్తుంది.

స్కార్పియో 2.2 లీటర్ డీజిల్ ఇంకో చివర. 120 హార్స్ పవర్, 280 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ టార్క్ (తిప్పే బలం). నాన్న ఇంజిన్‌కు మూడింతలు దాటిన లాగుడు. ఆ లాగుడు గేర్‌బాక్స్‌లో మొదటి గేరు దగ్గర పెరిగి, హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ అనే గేర్ల జత దగ్గర ఇంకా పెరిగి చివరికి సన్నటి యాక్సిల్ షాఫ్టుల మీద పడుతుంది. ఆ షాఫ్టులను తయారుచేసింది పాత చిన్న ఇంజిన్ కోసం. బరువుతో ఎక్కుడులో క్లచ్ వదిలినప్పుడు అవి మెలితిరిగి తెగొచ్చు. తెగకపోతే వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఎస్ ఆకారంలో వంగి, హౌసింగ్ మొత్తం ఎగిరెగిరి పడుతుంది. అంటే హౌసింగ్ కూడా మార్చాలి. హౌసింగ్ మారితే చక్రాల మధ్య వెడల్పు, పట్టీల మధ్య దూరం, హ్యాండ్ బ్రేకు కేబుల్, అన్నీ మారతాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి, అంబాసిడర్‌కు జీపులాగా విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. ముందు బరువును మోసేది పొడవైన టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు. బరువైన ఇంజిన్ పెడితే ముందు భాగం కిందికి దిగిపోతుంది, స్టీరింగ్ రాయిలా బరువెక్కుతుంది. ముప్పై ఏళ్ల తుప్పు పట్టిన రేకుకు కొత్త మౌంటింగ్ బ్రాకెట్ వెల్డింగ్ చేసి, ఇంజిన్ బలమంతా దాని మీద వేస్తే, కొన్నాళ్లకు ఆ రేకు చిరుగుతుంది. ఇంజిన్ కింద ఆయిల్ సంపు (ఆయిల్ నిలిచే తొట్టి) ఆకారం కూడా చూడాలి. సంపు లోతు భాగం ముందుందా వెనకుందా, అది స్టీరింగ్ రాక్‌కో క్రాస్ మెంబర్‌కో తగులుతుందా అన్నది ఇంజిన్ కొనే ముందే కొలవాలి. నేను అట్టపెట్టెను కోసి ఇంజిన్ అంత సైజు డబ్బా చేసి, బానెట్ కింద పెట్టి చూశాను. పిల్లల ఆటలా అనిపించినా దానివల్ల రెండు ఇంజిన్ల మీద డబ్బు పోయకుండా బయటపడ్డాను.

ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ విడదీయొద్దు

ఇంజిన్ ఒక కంపెనీది, గేర్‌బాక్స్ ఇంకో కంపెనీది కలిపితే మధ్యలో ఒక అడాప్టర్ ప్లేటు కావాలి. సాలూరులోనో విజయనగరంలోనో మంచి లేత్ ఉన్నవాళ్లు మందపాటి ప్లేటు కోసి, రెండువైపులా బోల్టు రంధ్రాలు వేసి ఇస్తారు. పైకి చూస్తే పని అయిపోయినట్టే. అసలు సమస్య కంటికి కనిపించదు. గేర్‌బాక్స్ ముందు షాఫ్టు కొస క్రాంక్ షాఫ్టు చివర ఉన్న చిన్న పైలట్ బేరింగ్‌లో కూర్చుంటుంది. క్రాంక్ నడుమూ గేర్‌బాక్స్ నడుమూ ఒకే గీత మీద ఉండాలి. తేడా పదో వంతు మిల్లీమీటరు దాకా పరవాలేదు. అర మిల్లీమీటరు అయిందంటే ఇక ఆ గేర్‌బాక్స్‌కు ప్రతి చక్కరూ ఒక దెబ్బే.

దీన్ని కళ్లారా చూశాను. తెలిసినాయన జీపులో వేరే గేర్‌బాక్స్ అలా కలిపించాడు. మొదటి వారం బాగుంది. నెల తిరక్కుండా క్లచ్ నొక్కినప్పుడల్లా కీచుమనే శబ్దం, తర్వాత మూడో గేరు జారిపోవడం. విప్పితే పైలట్ బేరింగ్ పొడిపొడి అయింది, షాఫ్టు కొస నీలంగా మారింది. అప్పుడు సునాబెడ నుంచి ఒక అన్నయ్యను పిలిపించాం. అక్కడ మిగ్ విమానాల ఇంజిన్లు తయారుచేసే హెచ్‌ఏఎల్ కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు కవచం) నోటి చుట్టూ ముల్లు ఎంత కదులుతుందో చూశాడు. ముల్లు ఒక పక్కకు అర మిల్లీమీటరు దాటి పోయింది. "ఇది గేర్‌బాక్స్ తప్పు కాదు నాయనా, కొలవకుండా బిగించడం తప్పు" అన్నాడు. ప్లేటు మళ్లీ చేయించి, అది పక్కకు జరగకుండా డోవెల్ పిన్నులు వేయించాక ఆ జీపు ఈ రోజుకీ తిరుగుతోంది.

అందుకే నా ఖచ్చితమైన అభిప్రాయం, ఇంజిన్‌తో పాటు పుట్టిన గేర్‌బాక్స్‌నే తీసుకోవాలి. క్లచ్ ప్లేటు పళ్లు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, సెల్ఫ్ మోటార్ పళ్లు, అన్నీ ఒకదానికొకటి సరిపోయి ఉంటాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి ఎక్కువ చెప్పను, దానికి సొంత కంప్యూటర్ ఉంటుంది, ఆ కంప్యూటర్ ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడాలి, పాత బండిలో ఆ తలనొప్పి వద్దు.

గేర్‌బాక్స్ పొడవు మారితే జాయింట్ షాఫ్టు పొడవు మారుతుంది. కోసి, అతికి, బ్యాలెన్సింగ్ చేయించాలి. రెండు చివర్ల క్రాసుల (షాఫ్టు వంగి తిరగనిచ్చే కీళ్ల) దగ్గర కోణాలు సమానంగా ఉండాలి, ఒక్కొక్కటీ 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఇంజిన్‌ను బానెట్ కింద పట్టించాలని వెనక భాగం కిందికి దించి బిగిస్తే ముందు కోణం మారిపోతుంది, 60 కిలోమీటర్ల వేగం దగ్గర సీటు కింద గూంగూం మనే అదురు మొదలవుతుంది. ఇంజిన్ మౌంటింగులు వెల్డింగ్ చేసే ముందే కోణం కొలిచే పరికరం పెట్టి చూసుకుంటే ఈ బాధ ఉండదు.

అయిదో గేరు వల్ల లాభం ఎంతో కూడా లెక్కగా చెబుతాను. టైరు ఒక చుట్టు తిరిగితే బండి 2 మీటర్లు పోతుందనుకుందాం, హౌసింగ్ నిష్పత్తి 4.5 అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 667 చక్కర్లు తిరుగుతుంది. నాలుగో గేరు నేరుగా కలిసేది కాబట్టి ఇంజిన్ 3,000 తిరగాలి. అయిదో గేరు నిష్పత్తి 0.8 అయితే ఇంజిన్‌కు 2,400 చాలు. విజయనగరం దాటాక తిన్నటి హైవే మీద శబ్దం, వేడి, డీజిల్ ఖర్చు, మూడూ తగ్గేది ఇక్కడే. నన్ను అడిగితే, పాత బండికి కొత్త ఇంజిన్ కావాలని అడిగేవాళ్లలో చాలామందికి నిజంగా కావాల్సింది ఈ అయిదో గేరే.

వేడి, బ్రేకు

ఇంజిన్‌లో కాలిన ఇంధనం శక్తిలో సుమారు మూడో వంతే చక్రాల వైపు పోతుంది. ఇంకో మూడో వంతు పొగతో పోతుంది, మరో మూడో వంతు నీళ్లలోకి. ఘాటీలో ఇంజిన్ 20 కిలోవాట్లు పని చేస్తుంటే, దాదాపు అంతే వేడిని రేడియేటర్ బయటికి పంపాలి. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు పది ఒకేసారి వేసినంత. అదీ బండి నెమ్మదిగా పోతూ, ఎదురు గాలి లేని చోట. పైగా కొరాపుట్ ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత ఎంత ఒత్తిడి పట్టగలిగితే మరుగు అంత ఆలస్యమవుతుంది. కొత్త ఇంజిన్ల మూతలు 0.9 బార్, ఆపైన ఒత్తిడి పడతాయి, దాంతో సుమారు 20 డిగ్రీలు కలిసివస్తాయి. అలాగని ఆ మూతను పాత రేడియేటర్‌కు పెట్టకూడదు, పాత అతుకులు పగిలిపోతాయి. కొత్త ఇంజిన్‌కు దాని సైజు రేడియేటర్, దాని చుట్టూ గాలి పక్కకు పోకుండా ష్రౌడ్ అనే తొడుగు, థర్మోస్టాట్‌తో నడిచే కరెంటు ఫ్యాన్, ఇవి మూడూ కలిపి పెట్టాలి. ఫ్యాన్ పెట్టి ష్రౌడ్ వదిలేస్తే ఫ్యాన్ ఎదురుగా ఉన్న ముక్క మాత్రమే చల్లబడుతుంది.

దిగేటప్పటి లెక్క ఇంకా భయపెడుతుంది. 1,500 కిలోల బండి 600 మీటర్ల ఎత్తు దిగితే, అందులో దాగిన శక్తి పాతిక లీటర్లకు పైగా మామూలు నీళ్లను మరిగించేంత. ఆ వేడి అంతా ఇంజిన్ బ్రేకింగ్‌లోనో (గేరులో ఉంచి ఇంజిన్‌తోనే వేగం ఆపడం), బ్రేకు డ్రమ్ముల్లోనో పోవాలి. నాన్న బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అవి కాలితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలని నాన్న పదేపదే చెప్పేది అందుకే. కొత్త ఇంజిన్ బండిని 60లో నడిపించిన దారిలో 90లో నడిపిస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆపాల్సిన శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. కాబట్టి ముందు చక్రాలకు డిస్కులు, బ్రేకు బూస్టర్ (పెడల్ నొక్కే బలాన్ని పెంచే పరికరం) లేకుండా ఇంజిన్ పెంచడాన్ని నేను ఒప్పుకోను. ముందు బ్రేకులు చేయించి, తర్వాతే ఇంజిన్ ముట్టుకోవాలి.

బూస్టర్ పెట్టేటప్పుడు ఒక చిన్న విషయాన్ని మరిచిపోతారు. బూస్టర్ పని చేయాలంటే వాక్యూమ్ కావాలి. పెట్రోల్ ఇంజిన్ మానిఫోల్డ్‌లో అది దానంతటదే వస్తుంది. మామూలు డీజిల్ ఇంజిన్‌లో రాదు, విడిగా వాక్యూమ్ పంపు ఉండాలి, చాలా ఇంజిన్లలో అది ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. ఆల్టర్నేటర్ లేకుండా ఇంజిన్ కొని, తర్వాత ఏదో ఒకటి తగిలిస్తే బ్రేకు పెడల్ రాయి అవుతుంది.

తీగలు, ఇంధనం

పాత డీజిల్‌కు కావాల్సిన కరెంటు స్టార్టుకు ముందు వేడెక్కించే గ్లో ప్లగ్గులకు, సెల్ఫ్‌కు. అంతే. కామన్ రైల్ డీజిల్ (కంప్యూటర్‌తో నడిచే కొత్త తరహా డీజిల్) లేదా ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్‌ను తెచ్చుకుంటే, దాని ఈసీయూకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్, గాలి సెన్సార్, నీళ్ల వేడి సెన్సార్, పెడల్ సెన్సార్, అన్నీ కావాలి. ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ను స్టార్టు కానివ్వని ఏర్పాటు) ఉన్న బండి అయితే తాళంచెవి, అది కూర్చునే లాక్, ఈసీయూ మూడూ ఒకే బండివి కావాలి, కొన్నిట్లో మీటరు బోర్డు కూడా. తుక్కు షెడ్డులో వైరింగ్‌ను కత్తెరతో కోసి ఇంజిన్ అమ్ముతారు. ఆ కోసిన చోట నుంచే కష్టాలు మొదలు. ఇంజిన్ కొంటే డాష్ బోర్డు దాకా ఉన్న పూర్తి వైరింగ్‌తో కొనాలి, లేకపోతే వదిలేయాలి. బిగించాక ఎర్త్ తీగలు ఇంజిన్‌కు, బాడీకి, బ్యాటరీకి విడివిడిగా, రంగు గీకిన శుభ్రమైన ఇనుము మీద వేయాలి. మా వైపు వానాకాలం పొడవు, తేమ ఎక్కువ, వదులు ఎర్త్ ఒక్కటే అరడజను సెన్సార్ల మీద తప్పుడు నేరం మోపుతుంది.

ఇంధనం ఒత్తిడి తేడా కూడా చిన్నది కాదు. కార్బురేటర్‌కు 0.3 బార్ లోపే చాలు. ఇంజెక్షన్ పెట్రోల్‌కు సుమారు 3 బార్. కామన్ రైల్‌లో ఇంజెక్టర్ల దగ్గర వెయ్యి బార్ దాటుతుంది, పాత ట్యాంకు తుప్పు రేణువు ఒక్కటి చాలు ఇంజెక్టర్ పాడవడానికి. ట్యాంకులో అడ్డు రేకులు లేకపోతే మలుపులో డీజిల్ పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, ఘాటీలో అన్నీ మలుపులే.

చట్టం ఏమంటుంది

దీని గురించి షెడ్లలో ఎవరూ మాట్లాడరు. అడిగితే "ఎవరు చూస్తారు?" అంటారు. చూస్తారు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ ప్రతిసారీ ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చి చూస్తాడు.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ దీనికి సంబంధించింది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది, రాష్ట్ర నిబంధనలను అడ్డం పెట్టుకుని కేంద్ర చట్టం వద్దన్న మార్పులు చేయడం కుదరదని. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అయితే తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఇంజిన్ పాడైతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ పెట్టుకుని, బిల్లుతో సహా ఆర్‌టీఓకు తెలిపి, కొత్త ఇంజిన్ నంబరును ఆర్‌సీలో రాయించుకోవచ్చు. సీఎన్‌జీకో బ్యాటరీకో మార్చేందుకు ఆమోదం పొందిన కిట్లకు చట్టంలో చోటుంది. ఇంధనం రకం, సీసీ రెండూ మారే ఇంజిన్‌కు మాత్రం ముందుగా అనుమతి అడగాలి, నిరాకరించే అవకాశమే ఎక్కువ. ఇన్సూరెన్స్‌ది ఇంకో సంగతి. ఆర్‌సీలో ఒక ఇంజిన్, బండిలో ఒక ఇంజిన్ ఉంటే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఘాటీలో నడిపే కారుకు ఆ ప్రమాదం నేను తలకెత్తుకోను.

చాలా పాత కార్లున్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్లకు "వీఏ" అక్షరాలతో నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు. చాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చిన బండికి ఆ గుర్తింపు దక్కదు. మీ తాతగారి 1960ల మార్క్ 2 మంచి స్థితిలో ఉంటే, దానిలో వేరే ఇంజిన్ పెట్టడమంటే ఆ హక్కును చేజేతులా వదులుకోవడమే. విప్పిన పాత ఇంజిన్‌ను తుక్కుకు మాత్రం అమ్మకండి, గ్రీజు పూసి దాచండి.

నేను ఎక్కడ ఆగాను

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక నా చూపు అంబాసిడర్ కుటుంబం వైపే మళ్లింది. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ ఇదే బాడీలో జపాన్ ఇసుజు డిజైన్ 1.8 లీటర్ పెట్రోల్ ఇంజిన్ పెట్టింది. సుమారు 75 హార్స్ పవర్, స్టీరింగ్ పక్కన కాకుండా నేల మీద గేరు రాడ్డు, అయిదు గేర్లు. తర్వాత 1995 సీసీ ఇసుజు డీజిల్ కూడా వచ్చింది, సుమారు 50 హార్స్ పవర్. ఘాటీకి ఎంత కావాలో ముందే చెప్పాను, 50 చాలు. ఆ ఇంజిన్‌కు ఈసీయూ లేదు, మెకానికల్ పంపు. మౌంటింగులు, గేర్ రాడ్డు రంధ్రం, జాయింట్ షాఫ్టు, పెడళ్లు, అన్నీ ఇదే కారు బాడీ కోసం కంపెనీయే కొలిచి చేసినవి. ఇంధనం డీజిల్‌గానే ఉంటుంది. సీసీ, ఇంజిన్ నంబరు మాత్రం మారతాయి.

విజయనగరంలో యాక్సిడెంట్ అయిన ఒక ఇసుజు డీజిల్ అంబాసిడర్ తుక్కుకు వచ్చిందని తెలిసి వెళ్లాను. ఇంజిన్, గేర్‌బాక్స్, జాయింట్ షాఫ్టు, హౌసింగ్, ముందు డిస్కులు, రేడియేటర్, పెడల్ సెట్టు, మొత్తం ఒకే బండివి బిల్లుతో మాట్లాడుకున్నాను. విడివిడిగా చవగ్గా దొరికేవి ఉన్నాయని అమ్మేవాడే చెప్పినా ఒప్పుకోలేదు. సాలూరు మెకానిక్ ఇంజిన్ కంప్రెషన్ చూసి, "బాగానే ఉంది బాబూ, రింగులు మాత్రం వేయించు" అన్నాడు.

కానీ ఇంకా విప్పలేదు. కొరాపుట్ ఆర్‌టీఓకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాను. ఇదే తయారీదారు ఇదే బాడీలో ఈ ఇంజిన్ పెట్టి అమ్మాడని, ఇంజిన్ వచ్చిన బండి ఆర్‌సీ నకలు, బిల్లు జతచేశాను. జవాబు అవునని వస్తే పనుల వరుస రాసి పెట్టుకున్నాను: మొదట బ్రేకులు, హౌసింగ్, తర్వాత రేడియేటర్, చివర ఇంజిన్. కాదని వస్తే నాన్న ఇంజిన్‌నే బోర్ చేయించి, స్లీవులు వేయించి, కొత్త కోర్‌తో రేడియేటర్ చేయిస్తాను, ముందు డిస్కులు పెట్టవచ్చా అని ఆఫీసులోనే అడుగుతాను. ఇసుజు ఇంజిన్ ఇప్పుడు షెడ్డులో చెక్క దిమ్మెల మీద, టార్పాలిన్ కింద ఉంది. పక్కనే నాన్న నీళ్ల డబ్బా కూడా ఉంది.